ఒరిగిన చక్రం

హైదరాబాద్ అశోక్‌నగర్ చౌరస్తాలో మిగతా ఊరికంటే కాస్త ముందే తెల్లారుతుంది. రీడింగ్ రూములో కుర్చీ దొరకాలంటే త్వరగా చేరాలి మరి. భుజాన బ్యాగు, చంకలో కరెంట్ అఫైర్స్, నోట్లో సగం నమిలిన ఇడ్లీ. ఒక పొద్దున స్టీలు బ్రిడ్జి కింద ఆ గుంపులోంచి ఓ కుర్రాడు తేలుతూ వచ్చాడు. అందరికంటే జానెడు ఎత్తులో ఉన్నాడు. కాళ్లు కదలడం లేదు. దగ్గరికొచ్చాక కనిపించింది, రెండు పాదాల నడుమ ఒకే ఒక్క చక్రం. హ్యాండిల్ లేదు, బ్రేకు మీట లేదు. ముందుకు వాలితే పోతుంది, వెనక్కి వాలితే నెమ్మదిస్తుంది.

దాన్ని చూడగానే ఆ వంశంలో పెద్దవాడు గుర్తొచ్చాడు. పుట్టకముందే చక్రవర్తి అనిపించుకుని, చివరికి మాల్ కాపలాదారు కాళ్ల కింద ముసలివాడైన రెండు చక్రాల సెగ్వే.

2001 డిసెంబరు 3న అమెరికా టీవీలో, దాన్ని కనిపెట్టిన డీన్ కామెన్ దాని మీద ముసుగు తీశాడు. అంతకు ఏడాది ముందు నుంచే, అదేమిటో తెలియకుండానే, లోకం దాని గురించి మాట్లాడుకుంది. గుర్రపుబగ్గీకి కారు ఎలాగో, కారుకి ఇది అలాగ అన్నాడు కామెన్. వారానికి పది వేల బండ్లు అమ్ముడవుతాయని ఆశపడ్డాడు. ధర దాదాపు 5,000 డాలర్లు, బరువు దాదాపు 38 కిలోలు. మూడో అంతస్తు హాస్టల్‌కి దాన్ని మోసుకెళ్లే విద్యార్థిని ఒక్కసారి తలచుకోండి. పైగా అది తిరగాల్సింది ఫుట్‌పాత్ మీదా రోడ్డు మీదా అన్నది ఒక్కో ఊరు ఒక్కోలా తేల్చింది. మన చిక్కడపల్లిలో ఆ చిక్కు రాదులెండి. ఫుట్‌పాత్ మీద నడిచేవాడికే చోటు లేదు.

మొదటి దెబ్బ 2003 సెప్టెంబరులో తగిలింది. అప్పటిదాకా అమ్మిన సుమారు 6,000 బండ్లనూ కంపెనీ వెనక్కి పిలిచింది. బ్యాటరీ తగ్గిపోయినప్పుడు మనిషి ఒక్కసారిగా వేగం పెంచినా, ఏ మిట్టో అడ్డొచ్చినా, హెచ్చరిక వినిపించాక కూడా నడుపుతూ పోయినా, మోటారుకి చాలినంత బలం అందక మనిషి పడిపోవచ్చునన్నారు. ముగ్గురు అప్పటికే గాయపడ్డారు. సాఫ్ట్‌వేర్ మార్చి ఇచ్చారు. ఆ కబురు చదివినప్పుడు నాకు సరిగ్గా బోధపడలేదు. కారులో బలం తగ్గితే కారు నెమ్మదిస్తుంది, మనిషి ఎందుకు పడాలి?

చిన్నప్పుడు అరచేతిలో కర్ర నిలబెట్టి ఆడుకోని వాళ్లుండరు. కర్ర ఎటు ఒరిగితే చెయ్యి అటు ఉరకాలి, అదీ కర్రకంటే వేగంగా. ఈ బండి చేసేది ఆ చెయ్యి పనే. మనం ముందుకు పడబోతాం, చక్రం మనకంటే ముందు ఉరికి కాళ్ల కిందికి చేరుతుంది. క్షణక్షణం పడబోవడం, క్షణక్షణం పట్టుబడటం. ఇప్పుడు ఆ చెయ్యి అప్పటికే శక్తికొద్దీ పరుగెత్తుతోందనుకోండి. కర్ర ఇంకాస్త ఒరిగితే ఏం చేస్తుంది? పరుగుకి పోగా మోటారు దగ్గర మిగిలిన బలమే మనిషిని నిలబెట్టేది. ఆ మిగులు అయిపోయిన చోట బండి నెమ్మదించదు. చక్రం వెనకబడుతుంది, మనిషి ముందుకు బోర్లా పడతాడు.

ఆ మిగులు కంటికి కనపడకుండా కరిగిపోతుంది. మోటారు ఎంత వేగంగా తిరిగితే అంత ఎదురు వోల్టేజీ దానిలోనే పుడుతుంది. బ్యాటరీకీ ఆ ఎదురుకీ మధ్య ఉన్న తేడాయే బలం. 20 లిథియం సెల్లులు వరసగా కూర్చిన బ్యాటరీ నిండుగా ఉంటే 84 వోల్టులు. సెల్లు ఒక్కొక్కటీ 3.3కి దిగితే మొత్తం 66. అంటే పొద్దున హాయిగా అందిన వేగమే సాయంత్రం ప్రమాదం. దానికితోడు నడిపేవాడి బరువు, ఎదురుగాలి, ఎత్తు రోడ్డు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ నుంచి నారాయణగూడ దాకా మెట్రో స్తంభాల పక్కన వచ్చే ప్రతి స్పీడ్‌బ్రేకరూ ప్రతి గుంటా ఆ మిగులులోంచి తన వాటా అడుగుతాయి. షేన్ చెన్ కనిపెట్టిన సోలోవీల్ అనే ఒంటిచక్రం బండి దారి చూపాక వచ్చిన ఒంటిచక్రాలు అందుకే కూత పెడతాయి, పెడళ్ల ముందుభాగం పైకెత్తి మనిషిని వెనక్కి నెడతాయి. కూత విని ఇంకా ముందుకు వాలేవాడిని మటుకు ఏ చక్రమూ కాపాడలేదు.

సెగ్వే మీంచి అమెరికా అధ్యక్షుడు బుష్ కూడా 2003లోనే ఒరిగాడు. లోకం నవ్వుకుంది. 2006లో మరో 23,500 బండ్లు వెనక్కి వచ్చాయి, ఈసారి చక్రాలు ఉన్నట్టుండి వెనక్కి తిరుగుతాయేమోనని.

ఆ తర్వాతి ఘట్టం దగ్గర ఎవరూ నవ్వరు. జిమీ హెసెల్డెన్ ఇంగ్లండ్‌లో లీడ్స్ మనిషి. 15 ఏళ్లకి బడి మానేసి బొగ్గుగనిలో దిగాడు. గని పని పోయాక సొంతంగా కంపెనీ పెట్టి, ఇనుప వల పెట్టెల్లో ఇసుక నింపి గోడలా పేర్చే పద్ధతి కనిపెట్టాడు. యుద్ధభూముల్లో ఆ గోడల చాటున ఎందరో సైనికులు బతికారు. వచ్చిన డబ్బులోంచి సొంత ఊరి పేదలకి కోట్లు పంచాడు. 2010 నాటికి సెగ్వే కంపెనీ అతని చేతికొచ్చింది. ఆ ఏడాది సెప్టెంబరు 26న, ఇంటి దగ్గర వార్ఫ్ నది పైన ఇరుకు బాటలో సెగ్వే మీద వెళుతుంటే, కుక్కని తీసుకుని ఒకాయన ఎదురొచ్చాడు. అతనికి దారి ఇద్దామని వెనక్కి జరుగుతుండగా అదుపు తప్పి ఉంటుందని తర్వాతి విచారణలో తేలింది. గట్టు మీంచి కింద పడి, 62 ఏళ్ల వయసులో పోయాడు. సెగ్వే యజమాని సెగ్వే మీంచే పడి పోయాడని లోకమంతా విడ్డూరంగా చెప్పుకుంది. దారి ఇస్తూ పోయాడన్న సంగతి తలచినవాళ్లు తక్కువ.

2015లో కంపెనీని చైనా నైన్‌బాట్ కొనేసింది. అంతకు ముందే తమ పేటెంట్లు కాజేశారని సెగ్వే ఎవరి మీద ఫిర్యాదు చేసిందో, వాళ్లే. 2020 జులై 15న ఆ రెండు చక్రాల బండి తయారీ ఆపేశారు. దాదాపు రెండు దశాబ్దాల్లో అమ్ముడైనవి ఒక లక్షా నలభై వేలు. కామెన్ లెక్కన అయితే అవి పద్నాలుగు వారాల సరుకు.

ఇవన్నీ తలుచుకుంటూ ఆ కుర్రాడినే చూస్తున్నాను. గుంట ఒకటి తప్పించాడు. అంతలో కాళ్ల దగ్గర సన్నగా కూత. వెంటనే వెనక్కి వాలి నెమ్మదించి, ఒక కాలు నేల మీద పెట్టి దిగిపోయాడు.

"ఏమైంది బాబూ, చెడిపోయిందా?" అన్నాను.

"లేదంకుల్. చార్జింగ్ ఇరవైకి వచ్చింది. నారాయణగూడ దాకా నడిచిపోతా."

చక్రంలోంచి పొడుగాటి పిడి పైకి లాగి, సూట్‌కేసులా ఈడ్చుకుంటూ బయల్దేరాడు. నాలుగడుగులు వేశాడో లేదో, హాస్టల్ కాగితాలు పంచేవాడు అడ్డం వచ్చాడు.

"కోచింగ్‌కి వచ్చినవా తమ్మీ? రూము ఉన్నది. త్రీ షేరింగ్, భోజనం మాదే."