డి-పట్టా ఉంది, భూమి ఏది? సామర్లకోటలో రికార్డు వెతికే దారి

గోదావరి జిల్లాల పేటల్లో భూమి ప్రస్తావన వస్తే తరచూ వినిపించే మాట ఒకటుంది. ‘‘మా తాతకి గవర్నమెంటోళ్లు పట్టా ఇచ్చారండి. ఇప్పుడా చేను వేరేవోళ్లు దున్నుకుంటున్నారు.’’ ట్రంకుపెట్టె అడుగున మడతలు పడిన డి-పట్టా ఉంటుంది. చదువుకున్న మనవడు ఫోన్‌లో మీభూమి తెరిచి చూస్తే ఎవరిదో పేరు కనిపిస్తుంది. ఇక అయిపోయిందనుకుని వదిలేస్తారు.

అక్కడ ఆగిపోవద్దు. మీభూమిలో కనిపించేది ఈ రోజు పేరు. ఆ పేరు అక్కడికి ఎలా వచ్చిందో ఆ పేజీ చెప్పదు. అది తెలియాలంటే పాత కాగితాలు తిరగేయాలి. సామర్లకోట మండలాన్ని దృష్టిలో పెట్టుకుని, ఆ కాగితాలు ఏమిటో, ఎలా అడగాలో ఇక్కడ వరుసగా ఇస్తున్నాం.

ముందు పేటలోనే చేయాల్సిన పని

రెవెన్యూ గ్రామం పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టా ఇచ్చిన తేదీ. ఈ నాలుగూ ముందు రాసుకోండి. మనం ఉండే ఊరి పేరు, రెవెన్యూ గ్రామం పేరు ఒకటే కానక్కర్లేదు. పట్టా పోయి ఉంటే పాత పాస్‌బుక్, శిస్తు రసీదులు, సొసైటీ అప్పు కాగితాలు వెతకండి. అవీ లేకపోతే గట్టు పక్క రైతుల సర్వే నంబర్లు అడిగి తెలుసుకోండి.

పేర్ల దగ్గర జాగ్రత్త. మన పెద్దల పేర్లు చాలాచోట్ల ఇంటిపేరు లేకుండా, తండ్రి పేరుతోనే రికార్డుకెక్కాయి. చర్చిలో ఒక పేరు, కరణం లెక్కల్లో ఒక పేరు ఉన్నవాళ్లూ ఉన్నారు. అన్ని పేర్లూ రాసుకుని వెళ్లండి.

జిల్లా పేరూ మారింది. 2022 ఏప్రిల్ 4 నుంచి సామర్లకోట కాకినాడ జిల్లాలో ఉంది. పాత కాగితాల్లో తూర్పు గోదావరి అని ఉంటుంది. 1985లో మండలాలు రాకముందు నాటి కాగితాల్లో తాలూకా పేరు ఉంటుంది.

ఆన్‌లైన్‌లో చూడాల్సినవి మూడు

మొదటిది మీభూమి పోర్టల్. 2015లో మొదలైంది. సర్వే నంబరు కొట్టి అడంగల్, 1-బి, క్షేత్ర పటం చూడొచ్చు. అడంగల్‌లో భూమి స్వభావం, పట్టాదారు, అనుభవదారు, అనుభవ స్వభావం అనే గడులు విడివిడిగా చదవండి. మీ తాత డి-పట్టా నంబరు ఎదురుగా ‘కొనుగోలు’ అని ఉంటే అది మీకు పనికొచ్చే ఆధారం. అసైన్డ్ భూమి కొనుగోలుకు ఎలా మారిందన్న ప్రశ్నకు అధికారులు జవాబు చెప్పాలి. సర్వే నంబరు సబ్ డివిజన్లుగా విడిపోయి ఉంటే అన్నిటినీ చూడండి. రీసర్వే జరిగిన ఊళ్లలో పాత సర్వే నంబర్ల స్థానంలో ఎల్‌పీఎం నంబర్లు వచ్చాయి. పాత నంబరు ఏ కొత్త నంబరయిందో గ్రామ సచివాలయంలో సర్వేయర్‌ని అడగాలి.

రెండోది రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో దొరికే ఈసీ. 1983 నుంచి జరిగిన రిజిస్ట్రేషన్లు ఆన్‌లైన్‌లో కనిపిస్తాయి. అంతకు ముందువి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో వెతికించాలి. ఈసీలో ఏమీ లేకపోతే భూమి చేతులు మారలేదని అనుకోవద్దు. అసైన్డ్ భూములు ఎక్కువగా తెల్లకాగితాల మీదే చేతులు మారాయి.

మూడోది 22-ఎ నిషేధిత జాబితా. రిజిస్ట్రేషన్ చట్టంలోని ఈ సెక్షన్ కింద అసైన్డ్, ప్రభుత్వ, దేవాదాయ, వక్ఫ్, సీలింగ్ భూములను రిజిస్టర్ చేయకుండా ఆపుతారు. మన భూమి ఈ జాబితాలో ఉందని కంగారు పడేవాళ్లున్నారు. నిజానికి, ఇంకొకరి సాగులో ఉన్న చేను అసైన్డ్ భూమిగా ఈ జాబితాలో ఉంటే, అది అసైన్డ్ భూమేనని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు. ఆ పేజీ ప్రింటు తీసి దాచుకోండి.

ఆఫీసులో అడగాల్సిన పాత రికార్డులు

రైత్వారీ గ్రామాల్లో అన్నిటికీ మూలం ఆర్‌ఎస్‌ఆర్, అంటే రీసెటిల్‌మెంట్ రిజిస్టర్. కొందరు డైగ్లాట్ అంటారు. కానీ సామర్లకోట చుట్టుపక్కల పిఠాపురం వంటి జమీందారీల కింద ఉన్న గ్రామాలున్నాయి. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత అలాంటి ఊళ్లలో సర్వే, సెటిల్‌మెంట్ చేసి తయారు చేసిన రికార్డు సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్, ఎస్‌ఎఫ్‌ఏ. ఆర్‌ఎస్‌ఆర్ లేదని చెప్పి పంపేస్తే ఎస్‌ఎఫ్‌ఏ అడగండి. పట్టాదారు పేరు గడిలో చుక్కలు పెట్టి వదిలేసినవే చుక్కల భూములు. వాటికి 2017లో ప్రత్యేక చట్టం చేశారు.

తర్వాత అసైన్‌మెంట్ రిజిస్టర్, పట్టా ఇచ్చిన ఫైలు, 10(1) ఖాతా, పాత చేతిరాత అడంగళ్లు. ఇవి ఫసలీ లెక్కలో ఉంటాయి. ఫసలీ జులై 1న మొదలై జూన్ 30న ముగుస్తుంది. ఫసలీకి 590 కలిపితే అది మొదలైన ఇంగ్లిష్ సంవత్సరం వస్తుంది. ఫసలీ 1385 అంటే 1975-76. ఒక్కో ఏడాది అడంగల్ చూసుకుంటూ వెనక్కి వెళితే మన పేరు ఏ ఫసలీలో పోయిందో దొరుకుతుంది. పేరు మార్చడానికి ఏ ఉత్తర్వు ఉందో ఆ ఏడాది ఫైల్లో వెతకాలి.

నోటితో కాదు, రాసి అడగండి

రికార్డు గదిలో లేదు, చెదలు తినేసింది అనే జవాబులు నోటితోనే వస్తాయి. అందుకే సమాచార హక్కు చట్టం కింద తహసీల్దార్ కార్యాలయంలోని పౌర సమాచార అధికారికి దరఖాస్తు పెట్టండి. మన రాష్ట్ర నిబంధనల ప్రకారం గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి ఫీజు లేదు, తెల్లకార్డు నకలు జత చేయాలి. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే, వచ్చింది సరిగా లేకపోతే 30 రోజుల్లో మొదటి అప్పీలు, ఆ తర్వాత 90 రోజుల్లో సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు.

‘మా భూమి వివరాలు ఇవ్వండి’ అని రాయొద్దు. ఫలానా గ్రామం, ఫలానా సర్వే నంబరుకు ఆర్‌ఎస్‌ఆర్ లేదా ఎస్‌ఎఫ్‌ఏ నకలు, అసైన్‌మెంట్ రిజిస్టర్‌లో ఆ పేజీ, ఫలానా ఫసలీ నుంచి ఫలానా ఫసలీ వరకు అడంగళ్లు, పేరు మార్చిన ఉత్తర్వు నకలు అని విడివిడిగా రాయండి. రికార్డు లేదంటే ఆ మాటే రాతపూర్వకంగా ఇవ్వమనండి.

తేదీ ఎందుకు ముఖ్యం

ఆంధ్ర ప్రాంతంలో అసైన్డ్ భూమిని అమ్మకూడదన్న షరతు 1954 జూన్ 18 నాటి జీవో 1142తో వచ్చింది. అంతకు ముందు ఇచ్చిన పట్టాల సంగతి వేరు. 1977 జనవరి 21న అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం అమల్లోకి వచ్చింది. అమ్మకూడదన్న షరతుతో భూమిలేని పేదలకిచ్చిన భూమిని ఎవరు కొన్నా ఆ బదలాయింపు చెల్లదు. 4వ సెక్షన్ కింద ఆ భూమిని స్వాధీనం చేసుకుని అసలు పట్టాదారుకు లేదా వారసులకు తిరిగి ఇవ్వొచ్చు. చట్టం రాకముందే మంచి నమ్మకంతో డబ్బిచ్చి కొన్న భూమిలేని పేదకు మాత్రం మినహాయింపు ఉంది. అవతలివాళ్లు సాధారణంగా దీన్నే అడ్డు పెట్టుకుంటారు. అందుకే పేరు ఏ ఫసలీలో మారిందన్నది అంత కీలకం.

2023 సవరణతో, అసైన్ చేసి 20 ఏళ్లు నిండిన భూములపై అసలు పట్టాదార్లకు, వారసులకు పూర్తి హక్కులిచ్చారు. 2024లో ప్రభుత్వం మారాక, అలా ఫ్రీహోల్డ్ చేసిన భూముల రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ పెట్టారు. భూమికి ధర పెరిగిన చోట అగ్రిమెంటు, జీపీఏ కాగితాలు పట్టుకుని పేటకొచ్చేవాళ్లుంటారు. మీ రికార్డు మీరు చూసుకోకుండా దేనిమీదా సంతకం, వేలిముద్ర వేయొద్దు.

కాగితాలు చేతికొచ్చాక

వారసులు కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తీసుకోండి. 1977 చట్టం కింద భూమి తిరిగి ఇప్పించమని తహసీల్దార్‌కు అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లోనూ ఒక ప్రతి ఇవ్వండి. 1-బిలో తప్పు పేరు ఎక్కి ఉంటే 1971 పట్టాదారు పాస్‌పుస్తకాల చట్టం కింద ఆర్డీవో ముందు అప్పీలు చేయొచ్చు. ఆ చట్టం ప్రకారం 1-బి నమోదు తప్పని రుజువయ్యే వరకే నిజం. ఎస్సీ కుటుంబానికి కేటాయించిన భూమిని దళితేతరులు అక్రమంగా ఆక్రమిస్తే, సాగు చేస్తే అట్రాసిటీ చట్టంలోని 3(1)(ఎఫ్), అక్రమంగా వెళ్లగొడితే 3(1)(జి) వర్తిస్తాయి.

విద్యార్థులు ఒక పని చేయొచ్చు. తెల్లకాగితం మీద నాలుగు గడులు గీసి సంవత్సరం, ఎవరి పేరు, ఏ రికార్డు, ఏ ఉత్తర్వు అని రాయండి. పట్టా ఇచ్చిన ఏడాది నుంచి ఈ రోజు వరకు నింపండి. ఎక్కడ పేరు మారి, ఉత్తర్వు గడి ఖాళీగా ఉందో అక్కడ ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టండి. అర్జీలో ముందు రాయాల్సింది ఆ సంవత్సరం గురించే.