డిప్లొమసీ ఆట పటం

డిప్లొమసీ అనే బోర్డు ఆటకు ప్రాణం దాని పటమే. మొదటి ప్రపంచయుద్ధానికి ముందటి ఐరోపాను, దాని చుట్టూ ఉన్న సముద్రాలను, ఉత్తరాఫ్రికా తీరాన్ని చూపే ఈ పటాన్ని అమెరికాకు చెందిన అలన్ కాల్‌హామర్ 1954లో హార్వర్డ్‌లో ఉండగా రూపొందించిన ఈ ఆట కోసం గీశాడు. బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీ, ఇటలీ, ఆస్ట్రియా-హంగరీ, రష్యా, టర్కీల తరఫున ఏడుగురు ఆడతారు. ఆట 1901 వసంతంలో మొదలవుతుంది. ఇందులో పాచికలు లేవు, పేకముక్కలు లేవు.

కాల్‌హామర్ చిన్నప్పుడు అటక మీద దొరికిన పాత అట్లాసులో, అప్పటికే చెరిగిపోయిన సామ్రాజ్యాల సరిహద్దులు చూశాడు. ఆ కుతూహలం ఆయన్ని వదల్లేదు. ఆ ప్రపంచయుద్ధానికి దారితీసిన కారణాలపై చరిత్రకారుడు సిడ్నీ ఫే రాసిన గ్రంథం, హార్వర్డ్‌లో చదివిన రాజకీయ భూగోళం దానికి తోడయ్యాయి.

పటంలో 56 భూభాగాలు, 19 సముద్ర భాగాలు కలిపి 75 గళ్లున్నాయి. 34 చోట్ల సరఫరా కేంద్రాలున్నాయి. ఎన్ని కేంద్రాలు చేతిలో ఉంటే అన్ని సేనలు. 18 సాధిస్తే గెలుపు. రష్యాకు నాలుగు, మిగతా వారికి మూడేసి సొంత కేంద్రాలు. బెల్జియం, సెర్బియా, నార్వే వంటి మిగిలిన 12 మొదట్లో ఎవరివీ కావు. గొడవంతా వాటి దగ్గరే రాజుకుంటుంది.

ఒక గడిలో ఒక్క సేనే నిలవగలదు, ఏ సేనకైనా బలం ఒక్కటే. అందరూ ఎత్తులను రహస్యంగా కాగితం మీద రాసి ఒకేసారి బయటపెడతారు. సమాన బలాలు ఎదురుపడితే ఎవరూ కదలరు. కాబట్టి తన బలాన్ని పెంచే పొరుగువాడి మద్దతు లేకుండా దండయాత్ర ముందుకు సాగడం కష్టం. ఆ పొరుగు ఎవరన్నది తేల్చేది పటం. వేర్వేరు రాజ్యాల సొంత కేంద్రాలు నేరుగా ఆనుకుని ఉన్న చోటు ఒక్కటే: ఇటలీ వారి వెనిస్, ఆస్ట్రియా వారి ట్రియెస్ట్. ఆ ఇద్దరి మధ్య మొదటి ఎత్తు నుంచే అనుమానం తప్పదు. నల్లసముద్రం కోసం రష్యా, టర్కీ; ఇంగ్లిష్ చానెల్ కోసం బ్రిటన్, ఫ్రాన్స్ మాట్లాడుకోక తప్పదు. స్విట్జర్లాండ్‌లోకి ఎవరూ అడుగుపెట్టలేరు. అందువల్ల మధ్య ఐరోపాలో దారులు ఇరుకై బర్గండీ, టిరోలియా వంటి కేంద్రం లేని గళ్లకూ ఎనలేని విలువ వచ్చింది. సముద్రాలను ఖాళీ నీలిరంగుగా వదిలేయక, భూమితో సమానంగా పోరాడాల్సిన చోట్లుగా విడగొట్టడం కాల్‌హామర్ చేసిన గొప్ప పని.

ఆటను ప్రచురించడానికి పెద్ద కంపెనీలు కాదనడంతో 1959లో ఆయనే 500 ప్రతులు అచ్చువేయించాడు. 1961లో గేమ్స్ రీసెర్చ్, 1976లో ఆవలాన్ హిల్ ప్రచురణ బాధ్యత తీసుకున్నాయి. ప్రతి గడికీ పేరుండటంతో ఎత్తులను ఉత్తరంలో రాసి పంపడం తేలికైంది. 1963లో జాన్ బోర్డ్‌మన్ ఆటను తపాలా ద్వారా ఆడించడం మొదలుపెట్టాడు. కాల్‌హామర్ స్వయంగా చాలాకాలం పోస్ట్‌మాన్‌గా పనిచేశాడు. 2013లో మరణించాడు.

పటం ఐరోపాకే పరిమితం కాలేదు. యంగ్స్‌టౌన్ రూపాంతరం దాన్ని ఆసియా దాకా పొడిగించి ఇండియా, చైనా, జపాన్‌లను ఆటలోకి దింపింది. 1994లో ఆవలాన్ హిల్ ప్రచురించిన ‘కలోనియల్ డిప్లొమసీ’ వలసపాలన నాటి ఆసియాను వేదిక చేసుకుంది. అందులో మద్రాసు బ్రిటన్ కేంద్రాల్లో ఒకటి. 2022లో మెటా పరిశోధకుల ‘సిసెరో’ కృత్రిమ మేధ, మనుషులతో రాతలో బేరాలాడుతూ బరిలోకి దిగినప్పుడు మాత్రం పాత ఐరోపా పటం మీదనే ఆడింది.