పై అర ఎవరికందాలి?

బాపట్లలో మా అమ్మమ్మ భోషాణానికి ముందుగా బొమ్మ గీసిన వాళ్ళెవరూ లేరు. వడ్రంగి వచ్చి "ఎంతెత్తు కావాలమ్మా?" అంటే, ఆవిడ నడుము దగ్గర చెయ్యి పెట్టి చూపించిందిట. అంతే! 1977 నవంబరు 19 తుపానుకి ఇంటి పెంకులెగిరిపోయినా అది మాత్రం కదల్లేదు.

మొన్న రేపల్లెలో మా చెల్లెలి వంటింటికి అలమరాలు కావాలని తెనాలి వెళ్ళాం. అక్కడి కుర్రాడు కంప్యూటరులోనే గోడలు లేపి, తలుపులు తెరిచి మూసి చూపించాడు. ఏ చెక్క ఎంత కొయ్యాలో కూడా అదే లెక్కేస్తుందిట. ఈ విద్య మరీ కొత్తదేం కాదు. 1963లోనే అమెరికాలో ఐవన్ సదర్లాండ్ వెలుగుకలంతో కంప్యూటరు తెరమీద బొమ్మలు గీశాడు. 1982లో ఆటోకాడ్ వచ్చాక చిన్న కంప్యూటర్లకీ ఆ పని అబ్బింది. అంతకు ఎంతో ముందు, 1926లో, ఫ్రాంక్‌ఫర్ట్ ఇళ్ళకి వంటగది గీసింది మార్గరెటె షూట్టె-లిహోట్స్కీ అనే ఆవిడ. వంట చేసే మనిషి వేసే అడుగుల్ని కూడా లెక్కలోకి తీసుకుంది మరి!

తెరమీది బొమ్మ మా అందరికీ నచ్చింది. మా చెల్లెలే పై అర వంక చూస్తూ ఉండిపోయింది. అది నాలుగడుగుల పదంగుళాల మనిషి.

"ఇదెంత ఎత్తు బాబూ?"

"ఏడడుగులండీ. అందులో ముందే ఉన్న కొలత."

"ఎవరి కొలత?"

కుర్రాడు నవ్వేసి టేపు తీశాడు. అది చెయ్యెత్తి నిలబడితే కొలిచి, ఆ అంకె కొట్టాడు. క్షణంలో అరలన్నీ కిందికి దిగాయి.

పైన మిగిలిన ఖాళీలో ఏం పెట్టాలని మా మరిది దారి పొడుగునా గొణిగాడు.