శ్రీపర్వత శబ్దార్థము

ఉప్పలునుండి బయలుదేఱి, మన్ననూరుకడ అడవిద్వారము దాఁటి నల్లమలలోఁ బ్రవేశించినవారికిఁ గొండ యెక్కడ మొదలయ్యెనో, యెక్కడ ముగిసెనో తెలియదు. ఒకదాని వెనుక నొకటి నల్లని వరుసలే. గత కార్తికమున నే నచటికిఁ బోయినప్పుడు, "శ్రీపర్వత మనఁగా శ్రీశైలమే" యని యిరువదియేండ్లు విద్యార్థులకు బోధించిన నాకు, ఆ మాటయందే సందేహము పొడమినది.

శ్రీశైలమునకు శ్రీపర్వతమను పేరు కలదు. అందు వివాదము లేదు. కాని యా పేరు దానికొక్కదానికే చెందునా? 1926లో నాగార్జునకొండ శిథిలములు బయల్పడిన పిదప నీ ప్రశ్న తప్పనిదైనది. ఇక్ష్వాకురాజగు వీరపురుషదత్తుని 14వ రాజ్యవర్షమున, అనఁగాఁ గ్రీస్తుశకము 3వ శతాబ్దమున, బోధిసిరి యను ఉపాసిక వేయించిన ప్రాకృతశాసనము, విజయపురికిఁ దూర్పున చులధమ్మగిరిమీఁదనున్న విహారమును శ్రీపర్వతమునందలి దానినిగాఁ జెప్పుచున్నది. విజయపురి నాగార్జునకొండలోయలోనిది. శ్రీశైలక్షేత్రమో, కృష్ణవెంట నచటికి నెంతయో యెగువను గలదు.

కొందఱు చరిత్రకారులు శ్రీపర్వతమును నాగార్జునకొండకే కుదింతురు; భక్తులు శ్రీశైలమునకే. ఇరువురును బర్వతమును శిఖరముగాఁ దలఁచుటవలననే యీ చిక్కు. వ్యాకరణ మిచట సాయపడును. శైలశబ్దము శిలాసంబంధమును దెలుపును. పర్వతశబ్దమో, పర్వశబ్దముమీఁద మత్వర్థీయప్రత్యయము చేరి యేర్పడినది. పర్వములు, అనఁగాఁ జెఱకునకువలెఁ గణుపులు, గలది పర్వతము. కణుపొక్కటియే చెఱకు గాదు గదా! నాగార్జునకొండలోయను జుట్టియున్నవియు నల్లమల శాఖలే. కావున శ్రీపర్వత మీ శ్రేణికంతకును బేరనియు, శ్రీశైల మందలి ప్రధానమైన కణుపనియు నా తాత్పర్యము. వ్యుత్పత్తి యొక్కటియే చరిత్రకు సాక్ష్యము గాదని యెఱుఁగుదును. శాసన మున్నది గనుకనే దానికిఁ దోడుగా దీనిని జేర్చితిని. నల్లమల యను దేశ్యనామమును శ్రేణికే చెల్లుట గమనింపఁదగును. అందలి మలశబ్దము తిరుమలలోనిదే.

ఈ కొండల కీర్తి మా ప్రాంతమువఱకును వ్యాపించినది. విష్ణుకుండినులు తమ శాసనములలో శ్రీపర్వతస్వామి పాదభక్తులమని చెప్పికొనిరి. ఉప్పలునకు సమీపమున, చైతన్యపురికడ మూసీయొడ్డున, గోవిందరాజవిహారమును బేర్కొను ప్రాకృతశాసన మొకటి బండమీఁదఁ గలదు; దానిని విష్ణుకుండిన గోవిందవర్మ కాలమునాఁటిదిగా నెన్నుచున్నారు. ఆ స్వామి యే శిఖరమువాఁడో వారి శాసనములు చెప్పవు. శ్రేణికంతకు నొక్క పేరైనచోఁ జెప్పనవసరమును లేదు.

మరలివచ్చుచు నాగార్జునకొండకును బోయితిని. 1967లో జలాశయము నిండనారంభించిన పిదప విజయపురి నీటిపాలైనది. కొండ ద్వీపమై మిగిలినది. బోధిసిరి చెప్పిన తూర్పుదిక్కున నిప్పుడు నీళ్ళే కనఁబడును. ఇల్లు చేరినవెంటనే నా పాఠపుస్తకమునందలి పాతటీకను గొట్టివేసితిని.