చుట్టు నడక (ఇంగ్లండ్ పల్లెబాటలు)

ఒక ఊళ్లో బయల్దేరి, పొలాల మీదుగా, కంచెల వెంబడి రెండు మూడు ఊళ్లు చూసుకుంటూ, పోయిన దారిన కాకుండా మరో దారిన అదే ఊరికి చేరుకోవడం చుట్టు నడక. ఇంగ్లండ్, వేల్స్ పల్లెల్లో సెలవు రోజున జనం ఇష్టంగా చేసే పని ఇది. పూటలో ముగిసే నాలుగైదు మైళ్ల నడకలూ ఉంటాయి, పొద్దుగూకేదాకా పట్టేవీ ఉంటాయి. కారు ఎక్కడ ఆపితే అక్కడికే తిరిగి రావచ్చు కాబట్టి ఈ పద్ధతి చాలామందికి వీలుగా ఉంటుంది. అయితే ఆ చుట్టు నడిచేవాళ్లు కూర్చుకున్నదే. అందులోని బాటలు మాత్రం ఊరి నుంచి చర్చికి, పిండిమరకు, సంతకు, పొరుగూరి పొలం పనులకు తరాల తరబడి నడిచి నడిచి పడిన అడ్డదారులు. వాటిలో నుంచి ముక్కలు ఏరి ఒకదానికొకటి కలిపితే చుట్టు అవుతుంది.

ఆ ముక్కలు ఇన్నాళ్లూ దున్నేయకుండా, మూసేయకుండా మిగలడం వెనక చట్టం బలం ఉంది. మన రెవెన్యూ నక్షల్లోని డొంకలు, పుంతలు చాలావరకు పోరంబోకు భూమి. ఇంగ్లండ్ కాలిబాట సంగతి వేరు. నేల సాధారణంగా రైతుదే, దాని మీద నడిచే హక్కు మాత్రం జనానిది. అందుకే అది గోధుమ చేను నడిమధ్యగా పోతుంది, ఒక్కోచోట ఇంటి పెరట్లోంచి కూడా పోతుంది. ఎవరి అనుమతీ అడగకుండా, దాపరికం లేకుండా, అడ్డులేకుండా జనం ఇరవై ఏళ్లు ఒక దారిన నడిస్తే, యజమాని దాన్ని జనానికి వదిలేసినట్టే చట్టం భావిస్తుంది. అలా కాదనాలంటే తనకు ఆ ఉద్దేశం లేదని యజమానే చూపించుకోవాలి. ఈ సూత్రం 1932 నాటి చట్టంలో ఉంది, ఇప్పుడు 1980 హైవేస్ చట్టంలో కొనసాగుతోంది. ఒకసారి ఏర్పడిన హక్కు, ఎవరూ నడవనంత మాత్రాన పోదు. మామూలు మనుషుల కాళ్లకు ఇంత విలువ ఇచ్చిన చట్టాలు అరుదు.

1949లో వచ్చిన జాతీయ ఉద్యానాల చట్టం ఈ దారులన్నిటినీ నక్షకెక్కించమని కౌంటీ కౌన్సిళ్లను ఆదేశించింది. ఏ దారి ఎక్కడిదో ఊరివాళ్లకే తెలుసు కాబట్టి చాలాచోట్ల పారిష్ కౌన్సిళ్లే సర్వే పని భుజానికెత్తుకున్నాయి. ఆ నక్షలో ఉన్న బాటకు నేల మీద ఆనవాలు లేకపోయినా, చట్టం దృష్టిలో అది ఉన్నట్టే. కాలిబాటలు, గుర్రపు బాటలు, ఇతర దారులు కలిపి ఇంగ్లండ్, వేల్స్‌లో సుమారు 2,25,000 కిలోమీటర్లు ఇలా నమోదయ్యాయి. స్కాట్లండ్‌లో పద్ధతి వేరు. అక్కడ 2003 చట్టం బాధ్యతగా మెలిగేవారికి చాలా భూముల్లో తిరిగే హక్కు ఇచ్చింది.

ఈ చరిత్రలో 1932 ఏప్రిల్ 24ను మరవకూడదు. ఆ రోజు కొన్ని వందలమంది, ఎక్కువగా మాంచెస్టర్ ప్రాంతపు యువ కార్మికులు, పక్షుల వేట కోసం మూసి ఉంచిన కిండర్ స్కౌట్ కొండ ఎక్కారు. వాళ్ల నాయకుడు బెన్నీ రాత్‌మన్ సహా ఐదుగురికి జైలు శిక్ష పడింది. వాళ్లు అడిగింది పొలాల మధ్య బాట కాదు, కొండ మీది బీడు భూముల్లో తిరిగే స్వేచ్ఛ. అది చట్టబద్ధం కావడానికి 2000 దాకా పట్టింది.

చుట్టు నడక ఎలా కుదురుతుందో చూడాలంటే గ్లాస్టర్‌షైర్‌లోని కాట్స్‌వోల్డ్ కొండలకు వెళ్లాలి. బోర్టన్-ఆన్-ది-వాటర్, వించ్‌కూంబ్ ఊళ్లను రెండు బాటలు కలుపుతాయి. వార్డెన్స్ వే ఊళ్లను పలకరిస్తూ పోతుంది, విండ్‌రష్ వే ఊళ్లను తప్పించి కొండలు పట్టుకుని పోతుంది. ఒకదాని మీద వెళ్లి రెండోదాని మీద వస్తే పెద్ద చుట్టు. ఒక్కోటీ ఇరవై కిలోమీటర్లకు పైమాటే కాబట్టి రెండు రోజులకు పంచుకోవడం మేలు. అంత ఓపిక లేనివాళ్లకు బోర్టన్ నుంచి లోయర్ స్లాటర్, అక్కడి నుంచి అప్పర్ స్లాటర్ వరకు ఉన్న ముక్క చాలు. లోయర్ స్లాటర్‌లో తేనెరంగు రాతి ఇళ్ల మధ్య పాత పిండిమరకు మాత్రం ఎర్ర ఇటుకల పొగగొట్టం ఉంటుంది. దాన్ని దాటాక ‘ఐ’ అనే చిన్న ఏరు చుట్టుపక్కల పచ్చికబయళ్ల మీదుగా బాట సాగుతుంది. అప్పర్ స్లాటర్‌లో ఒక్క నిమిషం ఆగాలి. రెండు ప్రపంచ యుద్ధాలకూ వెళ్లినవాళ్లంతా ప్రాణాలతో తిరిగొచ్చిన అతి కొద్ది బ్రిటిష్ ఊళ్లలో అది ఒకటి.

దారి పట్టుకోవడానికి ఆర్డినెన్స్ సర్వే వారి 1:25,000 నక్ష ఉత్తమం. అందులో నాలుగు సెంటీమీటర్లంటే నేల మీద కిలోమీటరు. బాటలు ఆకుపచ్చ గీతలుగా ఉంటాయి, పొట్టి గీతలు కాలిబాట, పొడుగువి గుర్రపు బాట. పొలాల హద్దులు కూడా కనిపించడం దీని గొప్ప. బాట కంచెకు ఏ పక్కన ఉందో చూసుకోకపోతే అరమైలు నడిచాక పొదల అవతల చిక్కుకుపోతారు. గేట్ల మీద పసుపు బాణం కాలిబాటకు, నీలి బాణం గుర్రపు బాటకు గుర్తు. కంచె దాటడానికి కొన్నిచోట్ల అడ్డంగా బిగించిన పలక మెట్లు ఉంటాయి, కొన్నిచోట్ల కిస్సింగ్ గేట్లు. ఈ గేటు చిన్న గూడులో అటూ ఇటూ ఊగుతుంది. మనిషి గూట్లోకి అడుగుపెట్టి, తలుపును తన వెనక్కి నెట్టి అవతలికి వెళ్తాడు. ఆవుకు ఆ మెలిక తిరగడం కుదరదు, కాబట్టి తలుపు వేశారా లేదా అన్న బెంగే లేదు.

రైతుకూ వెసులుబాటు ఉంది. చేను మధ్యగా పోయే కాలిబాటను, తప్పనిసరైతే, దున్నుకోవచ్చు. కానీ పద్నాలుగు రోజుల్లో దాన్ని కనీసం మీటరు వెడల్పున నడవడానికి వీలుగా తిరిగి కనబడేలా చేయాలి. పొలం అంచున పోయే బాటను అసలు దున్నకూడదు. పశువుల విషయంలో నడిచేవాళ్లే జాగ్రత్తపడాలి. వసంతంలో లేగదూడలతో ఉన్న ఆవులు కుక్కను చూస్తే మీదికొస్తాయి. దూడకూ తల్లికీ నడుమ దూరకుండా దూరంగా చుట్టి వెళ్లాలి. ఆవులు తరుముకొస్తే కుక్క తాడు వదిలేయడమే ప్రాణరక్షణ, అది ఎలాగోలా తప్పించుకుంటుంది.

సమయం లెక్కకు స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నెయిస్మిత్ 1892లో చెప్పిన సూత్రం నేటికీ పనికొస్తుంది: మూడు మైళ్లకు గంట, రెండు వేల అడుగుల ఎక్కుడుకు మరో గంట. తడి బంకమట్టి, వరస కంచెలు ఉన్న దారిలో ఇంకొంచెం కలుపుకోవాలి. జూన్, జూలైల్లో దురదగొండి మొక్కలు, ముళ్లపొదలు బాటను మింగేస్తుంటాయి. బాట మూసుకుపోతే స్థానిక హైవే అధికారులకు ఫిర్యాదు చేయవచ్చు. చాలాచోట్ల మాత్రం 1935లో ఏర్పడిన రాంబ్లర్స్ సంఘంవంటి వాటి స్వచ్ఛంద సభ్యులే కత్తెరలు పట్టుకుని పొదలు నరికి దారి తీస్తున్నారు.