ఫ్లైవీల్ పగిలిన రోజులు

తేలికపాటి ఫ్లైవీల్ వేయిస్తే కారుకు హార్స్‌పవర్ పెరుగుతుందా అని అడిగేవాళ్లకు నా జవాబు ఒకటే: పెరగదు. దాన్ని తిప్పడానికి ఇంజిన్ ఖర్చు పెట్టే బలం కాస్త మిగులుతుంది. ఆర్‌పీఎం చకచకా ఎక్కుతుంది, గేరు మార్చేటప్పుడు అంతే చకచకా దిగుతుంది. లాభం అంతవరకే. నేను విజయవాడ ఆటోనగర్‌లో లేతు పని నేర్చుకున్నాను. అక్కడ లారీ ఫ్లైవీల్ వచ్చిందంటే ఫేసింగ్ కొట్టి పంపడమే, బరువు తీయమని అడిగిన డ్రైవరు లేడు. ఎందుకడుగుతాడు? ఆ బరువుంటేనే లోడు బండి కుదుపు లేకుండా కదిలేది. బరువు తీయడమనే పిచ్చి బాగా ముదిరిన చోటు నేనిప్పుడు బతుకుతున్న దక్షిణ కాలిఫోర్నియా.

ఇక్కడ ఎడారిలో ఎండిపోయిన చెరువులున్నాయి, నేల పలకలా ఉంటుంది. 1930లలో కుర్రాళ్లు పాత ఫోర్డులు తెచ్చి మ్యూరాక్ అనే చెరువులో వేగం కొలుచుకునేవాళ్లు. 1932లో ఫోర్డ్ తెచ్చిన వీ8 ఇంజిన్ 65 హార్స్‌పవర్‌ది. అది నాలుగైదేళ్లకే పాత సామాన్ల దుకాణాల్లో చవగ్గా దొరకసాగింది. 1937లో క్లబ్బులన్నీ కలిసి సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్‌గా ఏర్పడ్డాయి. మడ్‌గార్డులు పీకారు, తలుపులు పీకారు. బయట పీకడానికి ఏమీ మిగలనప్పుడు చూపు ఫ్లైవీల్ మీద పడింది. లేతుకు పట్టించి అంచు కోయించారు. అంచే ఎందుకంటే, మధ్యలో ఒక కిలో తీసినా పెద్ద తేడా ఉండదు. అంచున తీసిన కిలోకు మాత్రం దూరం వర్గమై లెక్కలోకి వస్తుంది. ఈ లెక్క ఆ కుర్రాళ్లకు పుస్తకంలో కాదు, స్టాప్‌వాచీలో కనిపించింది.

రెండో ప్రపంచ యుద్ధంతో మ్యూరాక్ పూర్తిగా సైన్యానిది అయిపోయింది, యుద్ధం తర్వాత రేసులు ఎల్ మిరాజ్ చెరువులో సాగాయి. 1948 జనవరిలో ‘హాట్ రాడ్’ పత్రిక మొదలైంది, 1949లో బోన్‌విల్ ఉప్పు మైదానంలో ఈ అసోసియేషన్ వేగ పోటీలు మొదలయ్యాయి. ఇంట్లో చేసుకునే పని అంగట్లో సరుకైంది. శాన్ డియాగో రేసర్ పాల్ షీఫర్ అల్యూమినియం ఫ్లైవీళ్లు చేసి అమ్మాడు. అల్యూమినియం తేలిక నిజమే కానీ క్లచ్ ప్లేటు రాపిడికి నిలవదు, అందుకని రాపిడి పడే ముఖానికి వేరే లోహం తొడగాలి. ఈనాటికీ మా షాపులో అమ్మే అల్యూమినియం ఫ్లైవీళ్లకు స్టీలు ముఖం ఉండేది ఆ కారణంగానే.

ఇక క్లచ్. ఫోర్డు వీ8లకు వచ్చిన లాంగ్ రకం ప్రెషర్ ప్లేటు నాకు చాలా ఇష్టమైన సరుకు. దాని లీవర్ల కొసన చిన్న బరువులుంటాయి. ఇంజిన్ వేగం పెరిగేకొద్దీ అవి బయటికి లాగి ప్లేటును ఇంకా గట్టిగా నొక్కుతాయి. స్ప్రింగులు మెత్తనివైనా సరే, పెడల్ తొక్కడం తేలికైనా సరే, పట్టు మాత్రం వేగంతోపాటు పెరుగుతుంది. నేడు టాప్ ఫ్యూయల్ డ్రాగ్‌స్టర్‌లో ఉండే బహుళ ప్లేట్ల క్లచ్ కూడా ఈ లీవరు బరువుల సూత్రం మీదే నడుస్తుంది. వెయ్యి అడుగుల పరుగు ఒక్కటి అయ్యేసరికి దాన్ని మొత్తం విప్పి మళ్లీ కట్టాలి.

అసలు ప్రమాదం 1950లలో డ్రాగ్ రేసులతో వచ్చింది. ఎండు చెరువులో బండి మెల్లగా కదిలి, మైళ్ల దూరంలో వేగం అందుకునేది. పావు మైలు రేసులో అలా కుదరదు. ఇంజిన్‌ను గోల పెట్టించి, క్లచ్ పెడల్ మీది కాలు ఒక్కసారిగా తీసేయాలి. ఆ రాపిడి వేడికి పోత ఇనుము ముఖం మీద నీలం మచ్చలు, సన్నని బీటలు పడతాయి. ఆవిరి ఇంజిన్ల కాలంలో మిల్లు మేస్త్రీలకు ఒక కట్టుబాటుండేది: పోత ఇనుప చక్రం అంచు వేగం సెకనుకు 30 మీటర్లు దాటకూడదు. 30 సెంటీమీటర్ల వ్యాసమున్న ఫ్లైవీల్ అంచు 6,000 ఆర్‌పీఎం దగ్గర సెకనుకు 94 మీటర్లు చేస్తుంది. వేగం మూడింతలు దాటితే ఒత్తిడి తొమ్మిదింతలు దాటుతుంది. మిల్లు చక్రం అతుకుల చక్రం, కారుది ఒకే ముక్కగా పోసిన బిళ్ల కాబట్టి ఇంత వేగం తట్టుకుంటుంది. కానీ బీటలు పడ్డాక, తేలిక కోసం చిల్లులు పొడిచాక, ఎంత తట్టుకుంటుందో ఎవరు చెప్పగలరు?

పగిలితే ముక్కలు గంటకు 340 కిలోమీటర్ల వేగంతో చక్రం తిరిగే వరుసలోనే ఎగురుతాయి. ముందు ఇంజిన్ బండిలో ఆ వరుస డ్రైవరు పాదాల దగ్గరుంటుంది. ఫ్లైవీల్‌ను, క్లచ్‌ను కప్పే ఫ్యాక్టరీ బెల్ హౌసింగ్ దుమ్మును ఆపుతుంది తప్ప ఆ ముక్కలను ఆపదు. రేసర్లు దళసరి ఉక్కు రేకుతో కవచాలు వెల్డు చేసుకున్నారు. 1960లలో లేక్‌వుడ్ లాంటి కంపెనీలు ఉక్కు బెల్ హౌసింగులు అమ్మసాగాయి. వేగమైన తరగతుల్లో అవి లేనిదే రేసుకు రానివ్వని రోజులొచ్చాయి.

అయినా 1970 మార్చి 8న లాంగ్ బీచ్ పక్కనున్న లయన్స్ డ్రాగ్ స్ట్రిప్‌లో రేసర్ డాన్ గార్లిట్స్ బండి రెండు ముక్కలైంది. పేలింది ఫ్లైవీల్ కాదు, దాని వెనకే ఉండే రెండు గేర్ల ట్రాన్స్‌మిషన్. ఆయన కుడి పాదంలో కొంత భాగం పోయింది. ఆసుపత్రి మంచం మీదే ఆయన ఇంజిన్ డ్రైవరు వెనక్కి వెళ్లే బండిని ఆలోచించాడు. 1971లో పొమోనాలో వింటర్‌నేషనల్స్ దానితోనే గెలిచాడు. కవచం మందం పెంచుకుంటూ పోకుండా మనిషినే ముందుకు జరిపాడు. అంతకన్నా పెద్ద ఆలోచన ఈ రంగంలో నాకు తెలిసి రాలేదు.

ఇప్పుడు రేసు భాగాల భద్రత చూసే ఎస్‌ఎఫ్‌ఐ సంస్థవి ఫ్లైవీళ్లకు, క్లచ్‌లకు 1.1, బెల్ హౌసింగులకు 6.1 అనే ప్రమాణాలున్నాయి. మా షాపుకు వచ్చే కుర్రాళ్లలో చాలామంది బిల్లులో ఉక్కు బెల్ హౌసింగ్ చూసి ముఖం ముడుస్తారు: ఫ్లైవీల్‌లో తగ్గించిన బరువంతా మళ్లీ ఎక్కించావే అంటారు. అవును, ఎక్కించాను. పాత పోత ఇనుప ఫ్లైవీల్ తెచ్చి అంచు కోయమన్నా, చిల్లులు పొడవమన్నా లేతుకు పట్టించను.