ఈ గుడి యెవరు గట్టిరి?

పలాసనుండి ఉద్దానమువఱకు గల తీరవాసులకు కొండవరుసలలో నెత్తుగా గనబడు మహేంద్రగిరిపై కుంతి, ధర్మరాజు, భీముడు అను పేళ్లతో శిలాలయములు గలవు. భీముని గుడిలోని బండలను జూచినవారు, వీని నెత్తుట మానవులకు శక్యముగాదని తలంచి వానిని పాండవుల కప్పగించిరి. టెక్కలి చేరువ రావివలసలో వెలసిన ఎండల మల్లికార్జునుని రామాయణములోని సుషేణుడు గొలిచెనందురు. కథలుగా నున్నంతవఱకు ఇవి మనోహరములే.

ఇటీవల కథ మాఱినది. 1968లో ఎరిక్ వాన్ డేనికెన్ అను స్విట్జర్లాండు దేశీయుడొక గ్రంథమును బ్రకటించి, ప్రాచీనులు దేవతలనుకొన్నవారు అన్యగ్రహవాసులనియు, మహానిర్మాణములకు వారి విద్యయే మూలమనియు వాదించెను. మనవారిలో గొందఱు దీనికి పురాణవిమానములను జోడించి, ఇది మనకు గౌరవమని పొంగిపోవుచున్నారు. నిజముగా గౌరవమేనా? విచారింతము.

ఐరోపాలోని మధ్యయుగపు క్రైస్తవాలయములను అచ్చటి తాపీవారే గట్టిరనుటకు సాధారణముగా నెవరును సందేహింపరు. సందేహము ఈజిప్టు, పెరూ, భారతదేశముల పనివారియెడనే మిక్కుటము. కాని ఈజిప్టులోని వాడీ అల్ జర్ఫ్ అనుచోట 2013లో దొరకిన పత్రములలో, మేరర్ అను అధికారి పెద్దపిరమిడునకు సున్నపురాతిని పడవలపై జేరవేసిన దినచర్య లిఖింపబడియున్నది. పిరమిడుల చేరువనే పనివారి గోరీలును బయల్పడినవి. ఇక మన ‘వైమానిక శాస్త్రము’ మాట. బెంగుళూరు విజ్ఞానసంస్థలోని పండితులు 1974లో దానిని బరిశీలించి, అది 1904కు పూర్వపు రచన కాదనియు, అందలి విమానములు ఎగురజాలవనియు దేల్చిరి. సంస్కృతమున నున్నంతమాత్రమున నొక గ్రంథము ప్రాచీనము గాదని, ఆ భాషను జదివిన మావంటివారే ముందుగా జెప్పవలెను.

మన కట్టడములకు మాత్రము సాక్ష్యము లేదా? మహేంద్రగిరిపై రాజేంద్రచోళుని శాసనము గలదు. ముఖలింగపు ఆలయమున అఖండదీపములకు దానమిచ్చినవారి పేళ్లు చెక్కబడియున్నవి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండిన గిడుగు రామమూర్తిపంతులుగారు ఆ శాసనముల లిపిని బట్టుదలతో నేర్చి చదివిరి; 1919లో వంశధారాతీరమున నున్న శాలిహుండపు బౌద్ధక్షేత్రమును వెలుగులోనికి దెచ్చిరి. అచ్చటి స్తూపమొకటి చక్రాకారముగా గట్టబడినది. బండిచక్రపు ఆకులవలె లోపల ఇటుకగోడలు గట్టి, వాని నడుమ మన్ను నింపుట ఈ పద్ధతి. ఇటుక తక్కువ, బలమెక్కువ. ఇటుకలు మోసి వెన్ను నొచ్చినవానికి దోచు ఉపాయమది. నక్షత్రములనుండి దిగివచ్చినవానికి ఇటుకల పొదుపుతో నేమి పని?

శాసనములలో రాజుల పేళ్లును దాతల పేళ్లును గలవు; బండను మోసినవాని పేరు మాత్రము లేదు. 1947లో మదరాసు రాజధానియందు దేవాలయప్రవేశ శాసనము వచ్చువఱకు, కష్టజీవులలో ననేకులకు గుడిలో నడుగిడు హక్కే లేకుండెను. లోనికి రానీయకుండుట మొదటి యన్యాయము. వారి శ్రమను పాండవులకో, అన్యగ్రహవాసులకో ధారపోయుట రెండవది. మొదటిదానికి శాసనసభ మందు వేసినది. రెండవదానికి మందు మన యిండ్లలోనే యున్నది.

“ఈ గుడి యెవరు గట్టిరి?” అని బిడ్డ యడిగినపుడు, చదువరులారా, ఆకాశమువంక జూపకుడు. మోకులతో, దూలములతో, పదుగురు ఒక్కమాటుగా బట్టిన పట్టుతో మనవంటివారే గట్టిరని చెప్పుడు. ఉద్దానపు తోటలో కొబ్బరిమోపు నెత్తు తండ్రిచేతులను జూచిన బిడ్డకు ఆ మాట నమ్మదగినదిగనే యుండును.